పిలవని వాటా

ఆ రోజు నేను చేసిన తప్పు పైకి చాలా చిన్నగా కనిపిస్తుంది. ఒక ముసలాయన వెనక నిలబడి, ఆయన చెవిలో చెప్పాల్సిన ఒక మాట చెప్పకుండా దాటేశాను. దాని తర్వాతి మాట చెప్పాను. అంతే. కానీ ఆ ఒక్క మాట నేను మింగడం వల్ల, పండగపూట మా ఊళ్లో ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ ఇల్లు మా అప్పది. అక్కని మా వైపు అప్ప అంటాం.

ఇది అర్థం కావాలంటే ముందు మా ఊరి వాటాల సంగతి చెప్పాలి. ముంచింగిపుట్టు దాటి ఒడిశా వైపు వెళ్తుంటే రెండు కొండల నడుమ ఉంటుంది మా ఊరు. ఎగువ వీధి, దిగువ వీధి, మొత్తం నలభై మూడు పొయ్యిలు. మేం ఇళ్లు లెక్కపెట్టం, పొయ్యిలు లెక్కపెడతాం. ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరుగా వండుకుంటే అవి రెండు. కొర్రలు కోతకొచ్చాక, కొత్త తినే పండగనాడు ఊరి దేవత దగ్గర మేకపోతుల్ని కోస్తాం. మాంసం నలభై మూడు వాటాలు వేసి, అడ్డాకుల్లో పెట్టి, ఊరి నడుమ బండల ముందు వరసగా పరుస్తాం. కార్జం ముక్క గోరంతైనా సరే ప్రతి ఆకులోనూ పడాలి. అప్పుడు ఊరి పెద్ద లేచి ఒక్కొక్క పొయ్యినీ పిలుస్తాడు. పిలిచిన ఇంటివాళ్లు వచ్చి తమ ఆకు తీసుకుంటారు. ఆ మాంసం పొయ్యి మీద పడ్డాకే కొత్త కొర్రల అన్నం వండాలి. వాటా రాని ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించకూడదు.

పిలవడం మనుషుల పేర్లతో కాదు, ఇంటి గుర్తుతో. పనసచెట్టు ఇల్లు. రెండు గుమ్మాల ఇల్లు. ఎలుగుబంటి ఇల్లు. పనసచెట్టు గాలివానకి పడిపోయి ఎన్నేళ్లయిందో, అయినా అది పనసచెట్టు ఇల్లే. కాగితం చూసి పిలవకూడదు. ఊరు పెద్ద నోట్లో ఉండాలని మావాళ్ల పట్టుదల. ఊరినంతా వరస తప్పకుండా ఎవరు పిలవగలరో వాళ్లే పెద్ద. ఇంకో మాట కూడా ఉంది. వెనకటికి ఎవరినైనా ఊరి నుంచి వెలివేయాలంటే తగువు పెట్టి తీర్పు చెప్పేవాళ్లు కాదట. కొత్త పండగనాడు ఆ పొయ్యిని పిలిచేవాళ్లు కాదు. ఆ ఇంటివాళ్లు ఖాళీ గిన్నెతో తిరిగి వెళ్లేవాళ్లు. నాకు తెలిసి అలా ఎప్పుడూ జరగలేదు, ఆ రోజు దాకా.

ఊరి పెద్దని మేమంతా పెద్దయ్య అంటాం, ఆయనకి ఎనభై దాటాయి. ఊరి పెద్దరికం ఆయన తండ్రి నుంచి వచ్చింది. సర్పంచి పదవి మాత్రం ఆయన సొంతంగా గెలిచాడు, మూడుసార్లు. కొండ మీది ఊట నుంచి ఊళ్లోకి నీళ్ల పైపు వేయించింది ఆయనే. ఆవులు కాసుకుంటున్న నన్ను చెయ్యి పట్టుకుని, రోజంతా నడిపించి, ఆశ్రమ పాఠశాలలో దింపిందీ ఆయనే. నేను మాస్టరునై, ముప్పై ఏళ్లు కొండ బడుల్లో పాఠాలు చెప్పి, రిటైరై ఊరికి వచ్చానంటే ఆ రోజు ఆయన నా చెయ్యి వదలకపోవడం వల్లనే. ఇంత చెప్పాక, అలాంటి మనిషిని నేను ఎలా వాడుకున్నానో చెప్పడానికి సిగ్గేస్తోంది.

నేను తిరిగి వచ్చేసరికి ఊరు రెండుగా ఉంది. ఎగువ వీధిది ఒక పార్టీ, దిగువ వీధిది మరో పార్టీ. సంతకి రెండు జీపులు వెళ్తాయి, రెండూ సగం ఖాళీగా. ఎగువ వీధి మనిషి దిగువ వీధి జీపు ఎక్కడు, వానలో నడిచి అయినా వస్తాడు. ఎగువ వీధి కొత్త నీళ్ల పైపు వేయబోతే దిగువ వీధి అడ్డం పడి ఆపించింది. కాఫీ మొక్కల జాబితా వచ్చినా, ఇళ్ల జాబితా వచ్చినా ముందు చూసేది ఎవరి పేరు ఉందని కాదు, ఏ వీధి పేర్లు ఎక్కువున్నాయని. పెళ్లిలో థింసా ఆడేటప్పుడు ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి ఒకే వరస కట్టేవాళ్లు. ఇప్పుడు అదే డప్పుకి రెండు వరసలు.

నేను మాస్టరుని, చదువుకున్నవాణ్ని, ఇదంతా తగదని చెప్పాల్సినవాణ్ని. చెప్పలేదు. ఏడాది తిరక్కుండా పెద్దయ్య పార్టీలో నేనే ముందు కూర్చున్నాను. దిగువ వీధి పార్టీకి మా బావ, అంటే అప్ప భర్త, ముందున్నాడు. నాలుగేళ్లు నేను అప్ప గడప తొక్కలేదు. మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్లి, వాకిట్లో కుర్చీలో కాసేపు కూర్చుని, విస్తరి వేసే వేళకి పని ఉందని లేచి వచ్చేశాను. ఏ పనీ లేదు. రోడ్డు మలుపు దాకా నడిచి ఊరికే నిలబడ్డాను.

పెద్దయ్యకి మతిమరుపు మొదలైందని ముందు తెలిసింది నాకే. ఒకసారి మండలం మీటింగులో ఆయన లేచి, మా ఊరికి రోడ్డు వేయించమని పెద్దాఫీసరుకి దండం పెట్టాడు. ఆ రోడ్డు వేసి ఎనిమిదేళ్లయింది. ఆ పొద్దున ఆ రోడ్డు మీదే జీపులో వచ్చాం. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. నేను గబుక్కున లేచి, "రిపేరు సంగతి చెబుతున్నారండి, గుంతలు పడ్డాయి" అన్నాను. ఆఫీసరు తలూపి రాసుకున్నాడు. బయటికి వచ్చాక మావాళ్లు నా వీపు తట్టారు. అప్పటి నుంచి అది నా పని అయిపోయింది. ఆయన తప్పిపోయినచోట నేను మాట అతికేవాణ్ని. పంచాయతీ కాగితాల మీద సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించేవాణ్ని. ఎవరైనా పలకరిస్తే, వాళ్లెవరో ఆయనకి అందేలా నేనే ముందు పేరు పెట్టి పిలిచేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఆయన ఇంటి ముందు చాప మీద మిరియాలు ఎండబెట్టుకుంటున్నాడు. నన్ను చూసి పక్కన కూర్చోమన్నాడు.

"ఒరే గుంటడా, ఊరు నా నోట్లోంచి జారిపోతంది రా" అన్నాడు. నాకు అరవై వచ్చినా ఆయనకి గుంటడినే. "ఎగువ వీధి బానే వత్తది. దిగువ వీధికి దిగేసరికి మబ్బు కమ్మేత్తంది. ఈయేడు ఇంకెవులైనా పిలండి. నీ బావని పిలమను. ఆడికి గొంతుంది."

నాకు బావ పేరు వినగానే ఒళ్లు మండింది. పంచాయతీ ఎన్నికలకి ఇంకా రెండేళ్లకి పైనే ఉంది, కానీ నా లెక్కంతా వాటి మీదే. ఊరి పెద్దరికం బావ నోటికి వెళ్తే సర్పంచి పదవీ దాని వెనకే వెళ్తుంది.

"ఎలచ్చన్లయ్యాక సూద్దుం పెద్దయ్యా. నాను ఎనకాల ఉంటాను గదా, అందిత్తాను" అన్నాను.

"నువ్వు సెప్తే నాను పిలిత్తే, అది నాను పిలిసినట్టేటి?"

నేను చాప మీదికి వంగాను. మిరియాలు తిరగేశాను.

అలా రెండు కొత్త పండగలు గడిచాయి. నేను ఆయన ఎడమ భుజం వెనక గొడుగు పట్టుకుని నిలబడేవాణ్ని. గొడుగు నెపం. ఎడమ చెవి ఆయనకి బాగా వినపడుతుంది. పరీక్షలో పక్కవాడికి జవాబు అందించిన పిల్లల్ని ముప్పై ఏళ్లు బెంచీ ఎక్కించిన మనిషిని నేను. ఆ మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది, పక్కకి నెట్టేశాను.

మూడో పండగ పొద్దున టీ కొట్టు దగ్గర బావ ఎదురుపడ్డాడు. నాలుగైదుగురు ఉన్నారు.

"ఏటి మేస్టరు బావా, బేగి లేసినావు? పాఠం అప్పసెప్పుకున్నావా?"

"ఏ పాఠం?"

"నలబైమూడు ముక్కలు. ఒకటి తప్పితే పెద్దయ్య ఫెయిలైపోతాడు గదా మరి."

అందరూ నవ్వారు. నేను గ్లాసు పెట్టేసి వెళ్లబోతే బావ గొంతు తగ్గించాడు. ఈసారి వేళాకోళం లేదు.

"రొండేళ్ల నుంచి సూత్తన్నాను. ముందు నీ పెదాలు కదుల్తాయి, ఎనకాల ఆయన గొంతొత్తది. ముసిలోడ్ని ఎందుకలాగ ఏపుకు తింతన్నారు? ఇంటికాడ కూకోబెట్టండి. గెంజి తాగి ఎండ కాసుకుంటాడు."

అది నిజం. పెద్దయ్య నన్ను అడిగిందీ అదే. కానీ అటువైపు నోటి నుంచి వచ్చింది కాబట్టి అది నాకు నిజంలా వినపడలేదు, ఎన్నికల ఎత్తులా వినపడింది. "నీ పెదాలు నువ్వు సూసుకో" అని వచ్చేశాను. దారంతా ఆ నవ్వులే చెవుల్లో.

మధ్యాహ్నానికి వాటాలు పరిచారు. సన్నగా తుంపర. పెద్దయ్య లేచి ఎగువ వీధి పిలిచాడు. పై నుంచి కిందికి, దాదాపు నా సాయం లేకుండానే. దిగువ వీధి మొదలయ్యాక ఆగడం, తల కొంచెం ఎడమకి వంచడం, నేను అందించడం. రెండు గుమ్మాల ఇల్లు అయింది. తర్వాతది వంతెన ఇల్లు. వాగుని మేం గెడ్డ అంటాం, దాని మీద దుంగ వంతెన పక్కన ఉండే ఇల్లు, అప్ప ఇల్లు. 

పెద్దయ్య ఆగాడు. తల వంచాడు. ఎదురుగా అప్ప ఇత్తడి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పక్కన బావ చేతులు కట్టుకుని నా పెదాల వైపే చూస్తున్నాడు, చిన్నగా నవ్వుతూ. ముందు నాకు తోచింది ఒక్కటే: ఈ ఇంటికి నా పెదాలు కదలకూడదు. తర్వాత ఏం తోచిందో సరిగ్గా చెప్పలేను. ఆ నవ్వు ఆరిపోతే చూడాలనిపించింది. మాట నాలిక చివర దాకా వచ్చింది. మింగేశాను. గొడుగు కొంచెం కిందికి దించి, "మిరియాల ఇల్లు" అన్నాను.

"మిరియాల ఇల్లు" అన్నాడు పెద్దయ్య.

నలభై రెండు ఆకులు వెళ్లిపోయాయి. ఒకటి మిగిలింది.

"మా ఇల్లు పిలవనేదు పెద్దయ్యా" అంది అప్ప. మెల్లగా అంది, నిద్రపోతున్న మనిషిని లేపుతున్నట్టు.

"మర్సిపోనాడే" అన్నాడు బావ గట్టిగా. "మతి నేదని మొత్తుకుంటన్నాను గదా. ఊరు మర్సిపోయినోడు ఊరికి పెద్దేటి, సర్పంచేటి?"

దానికి మా వైపు వార్డు మెంబరు ముందుకొచ్చాడు. "పెద్దయ్య మర్సిపోడం ఏటి? మీ ఇల్లు పిలవకూడదనే పిలవనేదు. కొత్త పైపుకి అడ్డం పడ్డోళ్లకి ఊరి వాటా ఎందుకు?"

మావాళ్లు కేకలతో అవునన్నారు. ఆ కేకల్లోనే నాకు అర్థమైంది. మావాళ్లకి తమ పెద్ద దుర్మార్గుడైనా ఫరవాలేదు, మతిమరుపువాడు కాకూడదు. ఒక ఇంటిని వెలివేశాడని చెప్పుకోవడం వాళ్లకి గర్వంగానే ఉంది. అటువైపు వాళ్లకి అప్ప వాటా సంగతి అప్పుడే వెనక్కిపోయింది. ముసలాయన మతి పోయిందని ఊరంతా ఒప్పుకోవడమే కావాలి. నడుమ ఖాళీ గిన్నెతో అప్ప, ఎటు చూడాలో తెలియక.

పెద్దయ్య నా వైపు తిరిగాడు. కాసేపు చూశాడు. నేను నేల చూశాను. కుడి చెప్పు పట్టీ తెగబోతోందని అప్పుడే గమనించాను.

"నాను మర్సిపోనాను" అన్నాడు ఆయన. కేకలు ఆగిపోయాయి. "ఆ ఇంటోళ్ల తప్పేటీ నేదు. ఎవుల్నీ ఎలెయ్యనేదు. నా బుర్రలో ఊరు నేదు. అంతే."

"ఐతే ఇప్పుడు పిలు" అన్నారెవరో.

ఆయన నోరు తెరిచాడు. తెరిచి అలాగే ఉండిపోయాడు. ఎవరో అందించబోతే చెయ్యెత్తి ఆపాడు. "అందిత్తే పిలిసినట్టు కాదు. గుర్తొచ్చేక పిలుత్తాను" అని ఆ మిగిలిన ఆకు పక్కనే బండ మీద కూర్చున్నాడు. బావ అప్ప భుజం పట్టుకుని తీసుకెళ్లిపోయాడు. జనం చెదిరిపోయారు. వెనక నిలబడి ఉన్న నేను కూడా గొడుగు ముడుచుకుని ఇంటికి వెళ్లాను.

ఇంట్లో తిన్నాను. ఇది కూడా చెప్పాలి. మాంసం, కొత్త కొర్రల అన్నం. గొంతు దిగకపోతే ఎవరైనా కనిపెడతారని రెండోసారి కూడా వడ్డించమన్నాను. నా భార్య వడ్డిస్తూ, "మీ అప్పోలి పొయ్యి ఎలగనేదు" అంది. మా గుమ్మంలో నుంచి చూస్తే ఊరంతా కప్పుల మీద పొగ లేచి తుంపరలో కలుస్తోంది. గెడ్డ పక్క కప్పు మీద లేదు. ఆమె మళ్లీ అంది: "వంతెన ఇల్లు కాడ నువ్వు నోరు మూసుకున్నావు. నాను సూసేను."

చెయ్యి కడుక్కుని బయల్దేరాను.

బండల దగ్గర పెద్దయ్య వాన తడవకుండా వెదురు గిడుగు నెత్తిన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాటా మీద ఇంకో ఆకు కప్పి, పైన రాయి పెట్టాడు. చేతిలో కర్ర. రెండు కుక్కలు దూరంగా కూర్చుని ఆయన కునుకు కోసం కాచుకున్నాయి. ఆయన ఇంకా తినలేదు.

"పెద్దయ్యా, వంతెన ఇల్లు నానే సెప్పనేదు. కావాలనే దాటేసేను."

"తెలుసు."

"తెలిసి మరి నీ మీదేసుకున్నావేటి?"

"నువ్వు సేసినావంటే నీకూ నీ అప్పకీ మజ్జిన తలుపు మూసుకుపోద్ది. నాను మర్సిపోనానంటే నా పెత్తనం పోద్ది." కర్రతో ఒక కుక్కని అదిలించాడు. "పెత్తనం పోతే పోనీ. ఒదిలీమని నిన్ను రొండేళ్ల నుంచి అడుగుతన్నాను గదా."

నేను ఆయన పక్కన కింద కూర్చున్నాను. ఆయన కర్ర ఒళ్లో పెట్టుకుని అన్నాడు: "ఆ ఇల్లు నాకు తెలుసురా. పిలిసేటప్పుడు కూడా తెలుసు. నువ్వు సెప్తావని ఆగేను. అలవాటైపోనాది. తెలిసింది కూడా నువ్వు సెప్తేనే పలకడం అలవాటైపోనాది. తరవాత ఆ కేకల్లో అదీ పోనాది. ఇక్కడ కూకున్నాక మల్లీ ఒచ్చింది."

ఇంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేరు. ఆయన మతిమరుపుని దాచిపెడుతున్నాననుకున్నాను. దాచిపెడుతూ, మిగిలి ఉన్న కాస్త మతినీ నేనే ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నాను. 

"గుర్తొచ్చింది గదా, పిలెయ్యి మరి" అన్నాను.

"ఎవులికి? ఊరు ఇనాల గదా. ఒంటిగా పిలిత్తే ఈ కుక్కలే ఒత్తాయి" అని నవ్వాడు. పళ్లు లేని ఆ నవ్వు చూసి నేను లేచాను. ఊరిని మళ్లీ బండల దగ్గరికి రప్పించాలి. ఎందుకు రావాలో చెప్పాలంటే నేనేం చేశానో చెప్పక తప్పదు.

ఎగువ వీధి పై కొస నుంచి మొదలుపెట్టాను. ప్రతి గుమ్మం ముందూ నిలబడి అదే మాట: వంతెన ఇల్లు పెద్దయ్య మరిచిపోలేదు, అందిస్తున్నది నేను, కావాలని దాటేసింది నేను, రెండేళ్లుగా అందిస్తున్నాను, ఇప్పుడు వచ్చి వినండి. మొదటి రెండిళ్ల దగ్గర రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చింది. వార్డు మెంబరు నన్ను గోడ వారకి లాగాడు.

"నీకేటి పిచ్చా? మర్సిపోనాడనే ఉండనీ. ముసిలోడు, ఎవులైనా జాలి పడతారు. నువ్విది సెప్పేవంటే పార్టీ మొత్తం గెడ్డలో కలిసిపోద్ది."

రెండు గంటల కిందటే పెద్దయ్య దేన్నీ మరిచిపోడని కేకలేసిన మనిషి. నాకు కోపం రాలేదు. అతని నోట్లో నా మాటలే నాకు వినపడ్డాయి. "రా, ఒచ్చి ఇను" అని తర్వాతి గుమ్మానికి వెళ్లాను.

దిగువ వీధిలో అన్నీ నాలుగేళ్లుగా నేను గడప తొక్కని ఇళ్లు. ఒకాయన నా మాట పూర్తి కాకుండానే తలుపు వేసేశాడు. పనసచెట్టు ఇంటి ముసలమ్మ మాత్రం అంతా విని, "అదేటి బాబూ, నీ పెదాలు కదలడం మాకు తెలీదనుకున్నావా? గొడుగు పట్టుకునేవోడు తల తడుపుకుంటాడేటి?" అని కిసుక్కున నవ్వింది. నిజమే. రెండేళ్లూ గొడుగు ఆయన మీదికి వంగి, నా తల తడుస్తూనే ఉంది. అది దాచుకోవడం కాదు, అందరూ చూసీ చూడనట్టు ఊరుకోవడం.

వంతెన ఇల్లు ఆఖరికి వచ్చింది. అప్ప గుమ్మంలో కూర్చుని ఉంది. దంచిన కొత్త కొర్రలు చేటలో, పక్కన ఖాళీ గిన్నె. బావ అరుగు మీద కత్తి నూరుకుంటున్నాడు. పొయ్యి వెలిగించలేని పండగపూట చేతికి ఏదో పని కావాలి కదా. నేను వాకిట్లో నిలబడి చెప్పాను. అప్పకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆమె మొహం చూస్తూ చెప్పలేక చేట చూస్తూ చెప్పాను.

బావ కత్తి నూరడం ఆపలేదు. నూరుతూనే, "నా పొయ్యి మింగేసినావు గదా, ఎలాగుంది బావా? ఉప్పు సరిపోనాదా?" అన్నాడు.

"సరిపోనేదు బావా."

"పొద్దున నాను అన్న మాటకేనా?"

"ఆ మాటకే. అది నిజమని."

కత్తి పక్కన పెట్టాడు. అప్ప కళ్లు తుడుచుకుని, "నాలుగేళ్లకి గుమ్మంలోకొచ్చేడు. కూకోమను ఆడ్ని" అంది.

"కూకోడానికి రానేదు, పిలుపుకొచ్చేడు" అన్నాడు బావ. అప్ప గిన్నె తీసుకుని మా ఇద్దరి కంటే ముందు నడిచింది.

అందరూ రాలేదు. ఊరు సగానికి కొంచెం పైన వచ్చింది. నేను అలవాటుగా పెద్దయ్య వెనక్కి వెళ్లబోతే బావ కేకేశాడు: "మేస్టరూ, నువ్విలా ఎదుటికి రా. పెదాలు కనపడాల." వెళ్లి ఎదురుగా, అందరికీ కనపడేలా నిలబడ్డాను. పెద్దయ్య లేచాడు. గిడుగు తీసి బండ మీద పెట్టాడు.

"జీలుగుచెట్టు ఇల్లు" అన్నాడు.

ఆ ఇల్లు కాలిపోయి చాలా ఏళ్లయింది. ఆ మనుషులు వలస పోయారు. ఎవరూ నవ్వలేదు. ఆయనకి తెలిసింది తప్పని. తల కొంచెం ఎడమకి వంగింది, అక్కడ ఎవరూ లేరు. నా పళ్లు నాలిక మీద ఉన్నాయి. అందించడం కంటే అందించకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బావ కూడా కదల్లేదు. ఒక్క మాట అంటే చాలు, పెద్దయ్య పని అయిపోయిందని ఊరంతా ఒప్పుకునేది. అనలేదు. పెద్దయ్య మెల్లగా ఇటు తిరిగి, గెడ్డ చప్పుడు వస్తున్న వైపు చూశాడు.

"వంతెన ఇల్లు."

అప్ప వెళ్లి ఆకు తీసుకుంది. పెద్దయ్య అక్కడే చెప్పేశాడు, ఇక ఆయన పిలవడని, సర్పంచికీ నిలబడడని. వచ్చే ఏడు ఎవరు పిలవాలన్న దానిమీద ఆ నిమిషమే తగువు మొదలైంది. ఇప్పటికీ తేలలేదు. సంతకి ఇంకా రెండు జీపులే వెళ్తున్నాయి. ఒక్క మధ్యాహ్నంతో ఊరు కలిసిపోయిందని రాస్తే ఇంకో అబద్ధం అందించినట్టవుతుంది.

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే అప్ప ఇంటి కప్పు మీద పొగ లేచింది. గుమ్మంలో కూర్చోబెట్టి నాకు పెట్టింది. కడుపు అప్పటికే నిండి ఉంది. అయినా ఆకు ఖాళీ చేశాను. పెద్దయ్యకి బావ స్వయంగా గిన్నె పట్టుకెళ్లి ఇచ్చాడు.

మర్నాడు మండలానికి వెళ్లి, పెద్దయ్య నిలబడడని మా పార్టీవాళ్లకి చెప్పాను. పోస్టర్లలో ఆయన ఫొటో వేయొద్దన్నాను. ఇంతకాలం ఆయన మాటలని నేను చెప్పినవన్నీ నా మాటలేనని కూడా చెప్పాను. వాళ్లు నన్ను పార్టీలో ఆ ముందు కుర్చీలోంచి తీసేశారు. తీసేయాల్సిందే.

ఇప్పుడు రోజూ పొద్దున పెద్దయ్యని ఊరంతా నడిపిస్తాను. చెయ్యి పట్టుకుంటాను, అంతే. నిలబడి పిలిస్తే ఆయనకి మబ్బు కమ్ముతుంది కానీ నడుస్తుంటే ఇళ్లు కొన్ని వాటంతటవే నోటికొస్తున్నాయి. ప్రతి గుమ్మం ముందూ ఆగుతాం. గుర్తొస్తే పిలుస్తాడు. ఒక్కోసారి తప్పు పిలుస్తాడు, ఒక్కోసారి ఏమీ అనకుండా ముందుకు నడుస్తాడు. నేను నోరు విప్పను. దిగువ వీధి చివర వంతెన దగ్గరికి వచ్చేసరికి బావ టీ గ్లాసులు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటాడు, నా పెదాల వైపు చూస్తూ.